ఆ తర్వాత రోగి ఏమయ్యాడు?

1949లో మనోవైద్యంలో రెండు పెద్ద సంగతులు జరిగాయి. ఆస్ట్రేలియా వైద్యపత్రికలో జాన్ కేడ్ అనే డాక్టరు నాలుగు పేజీల వ్యాసం రాశాడు. ఉన్మాదంతో ఊగిపోతున్న రోగులకు లిథియం అనే లోహపు లవణం ఇస్తే నెమ్మదిస్తున్నారన్నది అందులోని మాట. అప్పటికి ఆయన పేరు ఆ దేశం దాటి ఎవరికీ తెలియదు. అదే ఏడాది పోర్చుగల్ నాడీవైద్యుడు ఎగాస్ మోనిజ్‌కు నోబెల్ ఇచ్చారు. మెదడు ముందుభాగంలోని తెల్లని తంతువుల్ని కోసి మానసిక రోగాన్ని నయం చేయవచ్చని చూపినందుకు ఆ బహుమతి. లిథియం ఇవాళ్టికీ బైపోలార్ (ఉన్మాదం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు) రోగుల ప్రాణాలు నిలబెడుతోంది. మోనిజ్ చికిత్స పేరు చెప్తే మాత్రం ఇప్పటి మనోవైద్యులు తలదించుకుంటారు.

మానసిక రోగాల చికిత్సకే నేరుగా దక్కిన నోబెల్ బహుమతులు రెండే. మోనిజ్ కన్నా ముందు 1927లో వియన్నా మనోవైద్యుడు వాగ్నర్ యౌరెగ్‌కు వచ్చింది. సిఫిలిస్ మెదడుకెక్కి పిచ్చెత్తినవాళ్లకు ఆయన మలేరియా రక్తం ఎక్కించేవాడు. ఆ జ్వరం సిఫిలిస్ క్రిములను అణిచేది, తర్వాత క్వినైన్‌తో మలేరియాను తగ్గించేవాడు. పెన్సిలిన్ రావడంతో దాని అవసరం తీరిపోయింది. కాబట్టి మనోవైద్యంలో గొప్పవాళ్లెవరో బహుమతుల జాబితా చూసి తేల్చుకోలేం. ప్రముఖుల జీవితచరిత్రలన్నీ ఒకే మూసలో ఉంటాయి. పుట్టిన ఊరు, చదువు చెప్పిన గురువు, స్థాపించిన సంస్థ, రాసిన గ్రంథం, అందుకున్న పతకం. ఈ మూసలో పోస్తే కేడ్‌కూ మోనిజ్‌కూ తేడా కనపడదు.

ఆ తేడా పట్టుకోవడానికి ఒక్క ప్రశ్న చాలని నా వాదన: వైద్యం చేశాక ఆ రోగి ఏమయ్యాడు? దీని వెనకాలే మూడు చిన్న ప్రశ్నలు వస్తాయి. ఎంతకాలం చూశారు? చూసి తేల్చింది ఎవరు? ఎవరితో పోల్చారు? ఒక మనోవైద్యుడి జీవితకాలపు కృషిని ఈ మూడింటితో తూచవచ్చు. ఎంత కొత్త సిద్ధాంతం చెప్పాడన్నది నా లెక్కలో ఆ తర్వాతి సంగతి.

మోనిజ్‌తోనే మొదలుపెడదాం. 1935లో లండన్‌లో జరిగిన నాడీవైద్య మహాసభలో ఇద్దరు అమెరికన్లు తమ చింపాంజీల గురించి చెప్పారు. ముందుభాగపు మెదడు తీసేశాక వాటిలో ఒకటి తప్పులు చేసినా చిరాకు పడటం మానేసిందట. అదే ఏడాది నవంబరులో మోనిజ్ మనుషుల మీద మొదలుపెట్టాడు. ఆయన చేతులు గౌట్‌తో వంకర్లు పోయాయి గనక కత్తి పట్టింది అల్మైదా లీమా. మొదట పుర్రెకు రెండు రంధ్రాలు చేసి ఆల్కహాల్ ఎక్కించారు. తర్వాత సన్నని కడ్డీకి తీగ ఉచ్చు బిగించిన పరికరం లోపలికి దించి, తిప్పి, తెల్ల పదార్థాన్ని గుండ్రంగా కోశారు. మొత్తం 20 మంది. ఏడుగురికి నయమైంది, ఏడుగురు మెరుగయ్యారు, ఆరుగురిలో మార్పు లేదు. 1936లోనే ఈ లెక్క అచ్చయింది.

మూడు ప్రశ్నలూ వేసి చూడండి. ఎంతకాలం? చాలామంది విషయంలో కొన్ని వారాలు. తేల్చింది ఎవరు? ఆపరేషన్ చేయించినవాళ్లే. పోల్చింది ఎవరితో? ఎవరితోనూ కాదు. బాగా మెరుగైనవాళ్లలో ఎక్కువమంది కుంగుబాటుతో, ఆందోళనతో వచ్చినవాళ్లు. ఈ జబ్బుల్లో చాలా విడతలు కొన్ని నెలలకు వాటంతటవే దిగిపోతాయి. తలకు చిల్లు పెట్టకుండా అంతే కాలం ఆగి ఉంటే ఎంతమంది మెరుగయ్యేవాళ్లో ఆ వ్యాసం చదివి చెప్పలేం. అసలు రోగి శాంతించడం వేరు, బాగవడం వేరు. వార్డులో గోల తగ్గితే సిబ్బందికి అది నయమైనట్టే కనిపిస్తుంది.

ఇక్కడ నా వాదనకే అడ్డం వచ్చే మనిషి ఒకడున్నాడు. మోనిజ్ పద్ధతిని అమెరికాకు తెచ్చిన వాల్టర్ ఫ్రీమన్. ఆయన సర్జన్ కాదు, నాడీవైద్యుడు. 1946 నుంచి కనుగుడ్డు పైనుంచి, ఎముక పల్చగా ఉన్నచోట ఐసు పొడిచే సూదిలాంటి పరికరాన్ని సుత్తితో దిగ్గొట్టే పద్ధతి మొదలుపెట్టి, మొత్తం మీద దాదాపు 3,500 మందికి లోబోటమీ, అంటే ఈ మెదడు కోత, చేశాడు. 1967లో చివరి రోగి మెదడులో రక్తం కారి చనిపోయాక గానీ ఆ చెయ్యి ఆగలేదు. అలాంటివాడు తన పాత రోగుల్ని ఏళ్ల తరబడి వెంటాడి పలకరించాడు. కారేసుకుని దేశమంతా తిరిగి, ఇళ్లు వెతుక్కుని వెళ్లి, ఎలా ఉన్నారని అడిగి రాసుకున్నాడు. ఎంతకాలం అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు ఉండదు. మిగతా రెండు ప్రశ్నలకు మాత్రం ఆయన దగ్గర జవాబు లేదు. చూసేదీ ఆయనే, మార్కులేసేదీ ఆయనే, పక్కన పెట్టి పోల్చడానికి ఆపరేషన్ లేని రోగుల గుంపు లేదు. కాకి పిల్ల కాకికి ముద్దు. ఎంతకాలం చూసినా ఆ ముద్దు తగ్గదు.

కాలాన్ని కొలిచే పనిని మనోవైద్యంలో ఒక పద్ధతిగా మలచినవాడు జర్మన్ మనోవైద్యుడు ఎమిల్ క్రేపెలిన్. హైడెల్‌బర్గ్‌లో ఉండగా ప్రతి రోగికీ ఒక కార్డు తయారుచేసేవాడు. వచ్చినప్పటి లక్షణాలు, గత చరిత్ర, అప్పటికి తోచిన రోగనిర్ధారణ అందులో రాసి పెట్టి, ఏళ్లు గడిచాక రోగి పరిస్థితి తెలుసుకుని దాన్నీ చేర్చేవాడు. తర్వాత కార్డులన్నీ పరిచి, ఎవరు ఎక్కడ తేలారన్నదాన్ని బట్టి కుప్పలు పోసేవాడు. 1899లో వచ్చిన ఆయన పాఠ్యగ్రంథం ఆరో కూర్పులో రెండు పెద్ద కుప్పలకు పేర్లు పడ్డాయి. వచ్చిపోతూ ఉండేది ఉన్మాద-విషాద రోగం, దిగజారుతూ పోయేది డిమెన్షియా ప్రీకాక్స్. ఈ రెండోదానికే 1908లో ఓయ్‌గన్ బ్లాయ్‌లర్ స్కిజోఫ్రీనియా అని పేరు పెట్టాడు.

ఆ కార్డుల పద్ధతికి ఒక పెద్ద లోపం ఉంది. ఆసుపత్రిలో కూర్చుని చూసేవాడికి ఎవరు ఎక్కువగా కనిపిస్తారు? బాగుపడనివాళ్లు. చిన్న లెక్క వేద్దాం, అంకెలు ఊహించుకున్నవే. ఏటా 100 మందికి జబ్బు వస్తుంది. 70 మంది ఆరు నెలల్లో కోలుకుని వెళ్లిపోతారు, 30 మంది ఇరవయ్యేళ్లు ఉండిపోతారు. ఏ రోజైనా వార్డులోకి అడుగుపెడితే మొదటి రకంవాళ్లు 35 మంది, రెండో రకంవాళ్లు 600 మంది ఎదురవుతారు. వందకు డెబ్బై మంది కోలుకునే జబ్బు కాస్తా, వార్డులోంచి చూస్తే వందకు తొంభై నాలుగు మంది కోలుకోని జబ్బులా కనిపిస్తుంది. కళ్లు అబద్ధం చెప్పలేదు, నిలబడ్డ చోటు అలాంటిది. పాతికేళ్ల అనుభవం ఉన్న డాక్టరు మాట కన్నా పది మంది గుమాస్తాలు నింపిన రిజిస్టరు మాట నమ్మదగినది కావడానికి కారణం ఇదే. అనుభవం కూడా వార్డులోంచే వస్తుంది మరి.

ఈ లోపాన్ని దిద్దినవాళ్లలో బ్లాయ్‌లర్ కొడుకు మాన్‌ఫ్రెడ్ ఒకడు. 1942-43లో జూరిక్ బుర్గ్‌హోల్జ్‌లీ ఆసుపత్రిలో చేరిన 208 మంది స్కిజోఫ్రీనియా రోగుల్ని ఇరవయ్యేళ్లకు పైగా చూస్తూ వచ్చాడు. జబ్బు మొదలైన అయిదేళ్లకు చాలామందిలో అది ఇంకా ముదరడం ఆగిపోతుందని, ఆ తర్వాత మెరుగుపడే వాళ్లే ఎక్కువని 1972లో తేల్చాడు. తండ్రి ఏలిన ఆసుపత్రిలో కూర్చుని, తండ్రి తరం అంతా నమ్మిన దిగజారుడు కథను అంకెలతో సడలించాడు.

ఇక లిథియం. మనోవైద్య చరిత్రలో ఒక చికిత్స ఎలా నిగ్గుతేలాలో చూపే కథ ఇంతకంటే మంచిది లేదు. ఇందులో ప్రతి మెట్టూ ముందు మెట్టులోని తప్పును పట్టుకున్నదే.

కేడ్ సిద్ధాంతం తప్పు. ఉన్మాద రోగుల శరీరంలో ఏదో విషం ఎక్కువై, మూత్రంలో పోతుందని ఆయన అనుమానం. మెల్‌బోర్న్ శివార్లలో తాను పనిచేసే ఆసుపత్రిలో వాడకుండా పడి ఉన్న వంటసామాను గదిని ప్రయోగశాల చేసుకుని, ఆ మూత్రాన్ని గినీ పందులకు ఎక్కించి చూశాడు. యూరిక్ ఆమ్లం పాత్ర తేల్చాలంటే దాన్ని నీళ్లలో కరిగించాలి. బాగా కరిగే రూపం లిథియం యూరేట్. అది ఎక్కించాక జంతువులు మత్తుగా పడున్నాయి. బహుశా అది లిథియం విషప్రభావమే అయ్యుండొచ్చు. ఆయన మాత్రం లిథియంకు మనసును శాంతపరిచే గుణం ఉందనుకున్నాడు. తాను కొన్నాళ్లు మింగి చూసి, రోగులకిచ్చాడు. తంతే బూరెల బుట్టలో పడ్డట్టయింది. పదిమంది ఉన్మాద రోగులూ మెరుగయ్యారు. స్కిజోఫ్రీనియా ఉన్న ఆరుగురిలో ఆవేశం తగ్గింది గానీ జబ్బు పోలేదు. కుంగుబాటు ఉన్న ముగ్గురికి గుణం కనిపించలేదు. ఆ చివరి రెండు గుంపులూ వ్యాసంలో ఉండటమే దాని విలువ. అన్నిటికీ పనిచేస్తుందని చెప్పలేదు.

మొదటి రోగి అయిదేళ్లుగా ఉన్మాదంతో వార్డులో పడున్న మనిషి. కోలుకుని ఇంటికి వెళ్లాడు. మందు మానేశాడు, జబ్బు తిరగబడింది, మళ్లీ మొదలుపెట్టారు, 1950లో లిథియం విషంతోనే చనిపోయాడు. అటు అమెరికాలో ఉప్పుకు బదులుగా అమ్మిన లిథియం క్లోరైడ్ తిని గుండెజబ్బు రోగులు కొందరు చనిపోయి, 1949లోనే దాన్ని నిషేధించారు. తప్పు ఎక్కడ జరిగిందో ఇప్పుడు తేలిగ్గా చెప్పొచ్చు: రక్తంలో మందు ఎంతుందో కొలవలేదు. మెల్‌బోర్న్‌లోనే నోయాక్, ట్రాట్నర్ అనే ఇద్దరు 1951 నాటికి వందమందికి పైగా రోగులకు రక్తంలో కొలుస్తూ ఇచ్చి, జాగ్రత్తగా వాడితే ప్రమాదం లేదని చూపారు. వాళ్ల పేర్లు ఎక్కడా వినపడవు. కొలిచినవాళ్లకు దక్కే కీర్తి అంతే.

ఆ కొలత ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. లిథియం పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య సందు చాలా ఇరుకు. దీర్ఘకాలం వాడేవాళ్లలో సాధారణంగా లీటరు రక్తానికి 0.6 నుంచి 0.8 మిల్లీమోల్ దగ్గర ఉంచుతారు, ఉన్మాదం ముదిరి ఉన్నప్పుడు 1.0 దాకా పోనిస్తారు. 1.5 దాటితే విషలక్షణాలు మొదలవుతాయి. నమూనా చివరి మోతాదు వేసుకున్న 12 గంటలకు తీయాలి. పొద్దున మాత్ర మింగి నేరుగా ల్యాబుకు వెళ్తే అంకె లేనిపోని ఎత్తున కనిపిస్తుంది, డాక్టరు అనవసరంగా మోతాదు తగ్గిస్తాడు, నెల తిరక్కుండా జబ్బు తిరగబడుతుంది. మోతాదు మార్చాక కనీసం అయిదు నుంచి ఏడు రోజులు ఆగి చూడాలి, అంతకు ముందు రక్తంలో స్థాయి కుదురుకోదు. కుదిరాక మూడు నుంచి ఆరు నెలలకోసారి. దానితోపాటు ఆర్నెల్లకోసారైనా మూత్రపిండాలు, థైరాయిడ్, కాల్షియం.

మూత్రపిండం లిథియాన్ని సోడియం అనుకుని మోసపోతుంది. వాంతులు, విరేచనాలు, విపరీతమైన చెమట, ఉన్నట్టుండి ఉప్పు మానేయడం, వీటిలో ఏది జరిగినా శరీరం సోడియాన్ని పట్టి ఉంచుకోవడానికి చూస్తుంది, దానితోపాటు లిథియమూ లోపలే నిలిచిపోతుంది. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు, బీపీకి ఇచ్చే థయజైడ్ రకం మూత్రం మాత్రలు, ఏసీఈ ఇన్హిబిటర్లు కూడా స్థాయిని పెంచుతాయి. చేతులు పెద్దగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడక తూలడం, మాట ముద్దగా రావడం, ఇవి కనిపిస్తే తర్వాతి మోతాదు వేసుకోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లి రక్తపరీక్ష చేయించాలి.

ఇంతకీ లిథియం పనిచేస్తుందని ఎలా తెలిసింది? డెన్మార్క్‌లో మోగెన్స్ షో 1954లో 38 మంది ఉన్మాద రోగుల మీద పరీక్ష చేశాడు. కొందరి విషయంలో నాణెం ఎగరేసి మందో ఉత్త మాత్రో నిర్ణయించాడు. అప్పటికి మనోవైద్యంలో అలాంటిది అరుదు. తర్వాత పౌల్ బోస్ట్రుప్‌తో కలిసి, లిథియం వాడితే జబ్బు మళ్లీ రాకుండా ఆగుతుందని 88 మంది స్త్రీల వివరాలతో 1967లో చూపాడు. మందుకు ముందు కొన్ని నెలలకోసారి తిరగబడే జబ్బు, మందు మొదలయ్యాక ఏళ్లకు గానీ తిరగబడలేదు.

లండన్‌లో మైకేల్ షెపర్డ్, బారీ బ్లాక్‌వెల్ దీని మీద విరుచుకుపడ్డారు. 1968లో లాన్సెట్ వైద్యపత్రికలో వాళ్లు రాసిన వ్యాసం శీర్షికలోనే ఇది మరో చికిత్సా భ్రమా అని అడిగారు. వాళ్ల అభ్యంతరం న్యాయమైనదే. పోల్చడానికి గుంపు లేదు, ఎవరు ఏం మింగుతున్నారో అందరికీ తెలుసు. పైగా ఈ మధ్య తరచుగా జబ్బుపడినవాళ్లనే ఎంచుకుంటే ఏ మందూ లేకపోయినా తర్వాతి కాలం కాస్త నెమ్మదిగానే గడుస్తుంది. షో సొంత అన్నదమ్ముల్లో ఒకరికి కుంగుబాటు జబ్బు ఉంది, ఆయన లిథియం మీద మనసు పెంచుకున్నాడని కూడా గుసగుసలు. జవాబుగా షో బృందం వ్యాసం మీద వ్యాసం రాసి ఊరుకోలేదు. లిథియం మీద కనీసం ఏడాదిగా నిలకడగా ఉన్న 84 మందిని తీసుకుని, డాక్టర్లకూ రోగులకూ తెలియకుండా కొందరికి ఉత్త మాత్రలకు మార్చారు. అయిదు నెలల్లో ఉత్త మాత్రలు వేసుకున్న 39 మందిలో 21 మందికి జబ్బు తిరగబడింది. లిథియం కొనసాగించిన 45 మందిలో ఒక్కరికీ తిరగబడలేదు. 1970లో అది అచ్చయింది.

అదీ మచ్చలేని పరీక్ష కాదు. లిథియం హఠాత్తుగా ఆపడమే ఉన్మాదాన్ని రేపగలదని తర్వాత తెలిసింది. అంటే ఆ 21లో కొంత మందు లేకపోవడం వల్ల, కొంత మందు ఒక్కసారిగా ఆపడం వల్ల. ఈ రెండూ విడదీయడానికి ఇంకా వేరే పరీక్షలు కావలసి వచ్చాయి. వాడుతున్నవాళ్లు సొంతంగా మానేయకుండా, డాక్టరు చెప్పినట్టు వారాల తరబడి కొంచెం కొంచెం తగ్గించాలనడానికి కారణం కూడా ఇదే. కేడ్ నుంచి ఇక్కడికి 21 ఏళ్లు. ఈ 21 ఏళ్లలో షెపర్డ్ పాత్ర షో పాత్రకు ఏమీ తీసిపోదని నేనంటాను. మోనిజ్‌కు లేనిది నోబెల్ కాదు, ఒక షెపర్డ్.

చూసి తేల్చింది ఎవరు అన్న ప్రశ్నకు ఇంకో ముఖం ఉంది: దేనితో తేల్చారు? మాక్స్ హామిల్టన్ 1960లో కుంగుబాటును కొలిచే 17 అంశాల పట్టీ తయారుచేశాడు. మొత్తం 52 మార్కులు. పరిశోధనల్లో స్పందించాడు అంటే మార్కులు సగానికి తగ్గాయని అర్థం. ఉపశమనం అంటే 7 లేదా అంతకన్నా తక్కువ. 28 నుంచి 14కు వచ్చిన రోగి స్పందించినవాళ్ల లెక్కలో పడతాడు, కానీ ఇంకా జబ్బుతోనే ఉన్నాడు. ఒక పరిశోధన గురించి 60 శాతం మందికి పనిచేసింది అని చదివితే ముందు అడగాల్సింది ఇదే, స్పందనా ఉపశమనమా అని. ఇంకో కిటుకు: ఆ పట్టీలో మూడు అంశాలు నిద్ర గురించే, కలిపి 6 మార్కులు. మత్తు తెప్పించే మాత్ర ఏదైనా, దుఃఖాన్ని తాకకుండానే కొన్ని మార్కులు తగ్గించగలదు.

అమెరికన్ మనోవైద్యుడు ఆరన్ బెక్‌ను ఈ త్రాసులో వేస్తే రెండు వైపులా బరువు కనిపిస్తుంది. ఆయన మొదట ఫ్రాయిడ్ బాటలో తర్ఫీదైన మనిషి. కుంగుబాటు అంటే తనమీదికే తిరిగిన కోపం అన్న సూత్రాన్ని రుజువు చేద్దామని రోగుల కలల్ని సేకరించాడు. కలల్లో కోపం దొరకలేదు. ఓటమి, పోగొట్టుకోవడం, తాను పనికిరాననుకోవడం దొరికాయి. ఆయన కలల్ని సూత్రానికి తగ్గట్టు వంచలేదు, సూత్రాన్నే వదిలేశాడు. రోగి ఆలోచనల తీరును మాటలతో సరిదిద్దే కాగ్నిటివ్ థెరపీ అక్కడ పుట్టింది. ఇది మొదటి వైపు.

రెండో వైపు 1977 నాటి పరీక్ష. 41 మందిని రెండు గుంపులు చేసి, 19 మందికి థెరపీ, 22 మందికి కుంగుబాటు మందైన ఇమిప్రమిన్ మాత్రలు 12 వారాలు ఇచ్చారు. థెరపీ గెలిచింది. మధ్యలో మానేసినవాళ్లు థెరపీలో ఒక్కరు, మాత్రల్లో ఎనిమిది మంది. కానీ చివరి మార్కులు వేసేలోపే మాత్రల్ని తగ్గించి ఆపేశారు. పోటీదారు చేతులు కట్టేసి గెలిచినట్టన్నమాట. చేసింది బెక్ బృందమే. 2005లో డెరుబైస్, హాలన్ బృందం 240 మందితో, మందును మందులా సరిగ్గా ఇచ్చి చూస్తే 16 వారాలకు రెండు గుంపుల్లోనూ 58 శాతం స్పందించారు. ఈ హాలన్ 1977 వ్యాసం రాసినవాళ్లలో కూడా ఉన్నాడు. తన పాత విజయాన్ని తానే సమానానికి దించుకున్నవాడు. ఆ ఒక్క పనికే ఆయన మీద నాకు గౌరవం.

మందులూ థెరపీలూ కాకుండా, రోగి వెళ్లి చేరే ఇంటిని కొలిచినవాడు జార్జ్ బ్రౌన్. ఆయన డాక్టరే కాదు, సామాజిక శాస్త్రజ్ఞుడు. 1950ల్లో లండన్‌లో ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో ఉన్న మగవాళ్లను ఇళ్లకు పంపుతున్న రోజులు. ఎవరు తిరిగి వస్తున్నారో లెక్క తీస్తే వింత కనిపించింది. అద్దె గదుల్లో, తోబుట్టువుల దగ్గర ఉన్నవాళ్ల కంటే తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లినవాళ్లే ఎక్కువగా జబ్బు తిరగబడి వస్తున్నారు. ఇంటికి వెళ్తే బాగుంటాడు అనే అందరి నమ్మకానికీ ఇది ఎదురు.

దాన్ని కొలవడానికి ఆయన, మైకేల్ రట్టర్ కలిసి ఒక ఇంటర్వ్యూ పద్ధతి తయారుచేశారు. రోగితో ఉండే మనిషిని విడిగా కూర్చోబెట్టి, గత మూడు నెలల్లో ఇంట్లో ఏం జరిగిందో మాట్లాడిస్తారు. మొదట్లో నాలుగైదు గంటలు పట్టేది, తర్వాత గంట, గంటన్నరకు కుదించారు. అంతా టేపు చేసి, తర్ఫీదు పొందినవాళ్లు విని లెక్క కడతారు. లెక్కలో ముఖ్యమైనది మాట కాదు, గొంతు. ఇప్పుడు లేచావా అన్న మాటనే ముద్దుగానూ అనొచ్చు, చీదరించుకునీ అనొచ్చు. కాగితం మీద రెండూ ఒకటే, టేపులో వేరు. విమర్శలు ఆరు దాటాయా, ద్వేషం ఉందా, అతిగా అల్లుకుపోయి కన్నీళ్లు పెట్టుకుంటున్నారా, వీటిని బట్టి ఇంటిని ఎక్కువ ఉద్వేగం ఉన్నదిగానో తక్కువ ఉన్నదిగానో రాస్తారు. 1972లో 101 మంది మీద తొమ్మిది నెలల ఫలితం: ఎక్కువ ఉన్న ఇళ్లలో 58 శాతం మందికి జబ్బు తిరగబడింది, తక్కువ ఉన్న ఇళ్లలో 16 శాతం. అలాంటి ఇంట్లో వారానికి 35 గంటలకు మించి ఎదురెదురుగా గడిపేవాళ్ల పరిస్థితి మరీ కష్టం.

ఇక్కడితో ఆగి ఉంటే ఇదీ సగం పనే. ఇంట్లోవాళ్ల చిరాకు జబ్బును పెంచిందా, ముదురు జబ్బు ఇంట్లోవాళ్లకు చిరాకు తెప్పించిందా? జూలియన్ లెఫ్ 1982లో దాన్ని పరీక్షకు పెట్టాడు. 24 కుటుంబాలు, రోగులందరూ మందులు వాడుతున్నవాళ్లే. సగం కుటుంబాలకు జబ్బు గురించి పాఠాలు, బంధువుల సమావేశాలు, ఇంటికే వచ్చి మాట్లాడటం. తొమ్మిది నెలలకు మామూలు వైద్యం పొందినవాళ్లలో సగంమందికి తిరగబడింది, ఈ సాయం పొందినవాళ్లలో 9 శాతానికే. 24 చాలా చిన్న అంకె, కానీ వాతావరణం మారిస్తే ఫలితం మారిందని తేలింది.

ఈ పరిశోధన బయటికి వెళ్లాక జరిగిన అన్యాయం వేరు. 1940ల నుంచీ స్కిజోఫ్రీనియా తెప్పించే తల్లి అనే ఒక ఊహ తిరుగుతూ ఉండేది, ఏ అంకెలూ లేకుండా. బ్రౌన్ ఫలితాన్ని చాలామంది అందులోకి లాగేసి, జబ్బుకు ఇంట్లోవాళ్లే కారణం అన్నారు. ఆయన కొలిచింది జబ్బు ఎందుకొచ్చిందన్నది కాదు, వచ్చిన జబ్బు ఎందుకు తిరగబడుతోందన్నది. ఈ రెండు ప్రశ్నల్ని కలిపేసినవాళ్లు తల్లుల మీద వేసిన నింద ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

ఈ తరంలో డిక్సన్ చిబాండా పని చూడండి. జింబాబ్వేలో మనోవైద్యులు చాలా కొద్దిమంది. ఆయన ఆసుపత్రి ఆవరణలో కూర్చునే బల్ల వేసి, దాని మీద రోగి పక్కన కూర్చుని చేసేలా, ఆరోగ్య కార్యకర్తలైన పెద్దవయసు ఆడవాళ్లకు సమస్యల్ని విడదీసి పరిష్కరించే థెరపీ నేర్పాడు. ఆరు సిట్టింగులు. మొదటిదాంట్లో కష్టాలన్నీ చెప్పించి, ఒక్కటి ఎంచుకుని, ఈ వారం చేయగల చిన్న పని ఒకటి నిర్ణయిస్తారు. ప్రశ్నాపత్రం షోనా భాషలో అక్కడే పుట్టింది, కుఫుంగిసిసా, అంటే అతిగా ఆలోచించడం, అనే మాట చుట్టూ. ఇంగ్లీషు పట్టీని మాటకు మాట దించుకోలేదు. 24 క్లినిక్కులు, 573 మంది. ఆరు నెలలకు 14 మార్కుల పట్టీలో సగటు బల్ల మీద కూర్చున్నవాళ్లలో 3.81, మిగతావాళ్లలో 8.90. ఈ ఆలోచన వార్తల్లో బాగా తిరిగింది, మనసుకు హత్తుకునే బొమ్మ కాబట్టి. ఆ బొమ్మ వెనక పోల్చడానికి మరో గుంపు ఉందన్న సంగతి మాత్రం ఎవరూ రాయరు.

తప్పు చేసినప్పుడు ఏం చేశాడన్నది కూడా ఒకరి కృషిలో భాగమే. రాబర్ట్ స్పిట్జర్ అమెరికన్ రోగనిర్ధారణ గ్రంథం 1980 కూర్పును నడిపినవాడు. ఇద్దరు డాక్టర్లు ఒకే రోగికి ఒకే పేరు పెడుతున్నారా అని లెక్కలు కట్టడం నేర్పినవాళ్లలో ముఖ్యుడు. 1973లో స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితాలోంచి తీయించడంలోనూ ఆయన చెయ్యి ఉంది. అలాంటివాడు 2003లో 200 మందిని ఫోన్లో అడిగి, థెరపీతో ఆ ఆకర్షణ మారుతుందని రాశాడు. వెనక్కి తిరిగి గుర్తు తెచ్చుకున్న మాటలు, పోలిక లేదు, మారామని చెప్పుకోవాలనే పట్టుదల ఉన్నవాళ్లే ఎక్కువ. తాను జీవితమంతా ఇతరులకు చెప్పిన నియమాలన్నీ ఆ ఒక్క వ్యాసంలో మరిచిపోయాడు. 2012లో, ఎనభై ఏళ్లకు దగ్గరపడ్డాక, ఆ మాటలు నిజమో కాదో తేల్చే దారి తనకు లేకపోయిందని అచ్చులోనే ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. తొమ్మిదేళ్లు ఆలస్యం. ఈలోగా ఆ వ్యాసం చూపించి ఎంతమందిని ఆ థెరపీల్లోకి నెట్టారో ఏ పట్టీలోనూ లేదు.

ఈ మూడు ప్రశ్నలకూ ఒకేచోట జవాబు చెప్పడానికి బాగా కష్టపడ్డ పని కోర్ట్‌నీ హార్డింగ్‌ది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్ర ఆసుపత్రిలో 1950ల్లో, కొత్త మందులకు లొంగక వెనక వార్డుల్లో మిగిలిపోయిన 269 మందిని జార్జ్ బ్రూక్స్ అనే డాక్టరు ఇల్లు, పని, ఊళ్లో పరిచయాలు చూపించి మెల్లగా బయటికి పంపాడు. సగటున 32 ఏళ్ల తర్వాత హార్డింగ్ బృందం వాళ్లను వెతకడానికి బయల్దేరింది. 97 శాతం మంది జాడ దొరికింది. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు పాత రికార్డులు చూపించలేదు, రికార్డులు చదివేవాళ్లకు ఇప్పటి పరిస్థితి చెప్పలేదు. సగం నుంచి మూడింట రెండొంతుల మంది బాగా మెరుగవడమో కోలుకోవడమో జరిగిందని 1987లో రాశారు.

మరి పోలిక? అది 1995లో వచ్చింది. దగ్గర్లోని మెయిన్ రాష్ట్రపు ఆసుపత్రి రికార్డుల్లోంచి వయసు, లింగం, రోగం, ఆసుపత్రిలో గడిపిన కాలం సరిపోయే 269 మందిని ఏరి జంటలు కట్టారు. మెయిన్‌లో వెర్మాంట్ లాంటి పునరావాసం లేదు. వెర్మాంట్‌వాళ్లలో పని చేసుకుంటున్నవాళ్లు ఎక్కువ, లక్షణాలు తక్కువ, ఊళ్లో కలిసిపోయినవాళ్లు ఎక్కువ. అది పునరావాసం వల్లే అంటారు హార్డింగ్ బృందం. రెండు రాష్ట్రాల మధ్య ఇంకేవో తేడాలు ఉండి ఉండొచ్చన్న సందేహం మిగిలే ఉంది. చీటీలు తీసి రోగుల్ని పంచలేదు కదా.